లేని మనిషికి జీవితచరిత్ర రాసేటప్పుడు

మిత్రమా,

లేని మనిషికి జీవితచరిత్రలా సాగే మీ నవల నుంచి పంపిన అధ్యాయంలో మొదటి పేజీలోనే గుట్టు రట్టయింది. "ఆ రాత్రి కిటికీ దగ్గర నిలబడి తన బతుకంతా వృథా అనుకున్నాడు" అని రాశారు. గదిలో ఒంటరిగా ఉన్నవాడు ఏమనుకున్నాడో జీవితచరిత్రకారుడికి ఎలా తెలిసింది? నవలాకారుడికైతే తెలియొచ్చు. మీరు వేసుకున్నది ఆ వేషం కాదు. అదే సంగతిని ఇలా చెప్పి చూడండి: "మార్చి 9న చెల్లెలికి రాసిన ఉత్తరంలో చివరి రెండు వాక్యాలు కొట్టేసి ఉన్నాయి. 'వృథా' అన్న మాట ఒక్కటే చదవడానికి వీలవుతోంది." మిగతాది పాఠకుడే పూరించుకుంటాడు. తాను కనిపెట్టిన దాన్ని ఎవరైనా ఇట్టే నమ్ముతారు.

అందుకని అధ్యాయాలు ఆపి ముందు కాగితాలు పుట్టించండి. ఇరవై పాతిక చాలు: ఉత్తరాలు, వీలునామా, అప్పుపత్రం, కోర్టులో వాంగ్మూలం, పత్రికలో పడిన మరణవార్త. ఉత్తరం మొత్తం రాసి, నవలలో నాలుగు లైన్లే వాడండి. కావలసిన నాలుగు లైన్లే రాస్తే అవి కథ కోసమే పుట్టినట్టుంటాయి. అసలు ఉత్తరాల్లో పంటినొప్పి, రావలసిన బాకీ, దారి బాగోలేదన్న సణుగుడు ఉంటాయి. ప్రతి కాగితం ఎవరు ఎప్పుడు రాశారో, ఎవరి చేతులు మారిందో, ఇప్పుడెక్కడుందో, ఎంత పాడైందో మీకు తెలిసి ఉండాలి. అందరి ఉత్తరాలూ ఒకే గొంతుతో పలకడం ఈ రకం నవలకు పట్టే పెద్ద జబ్బు. ఒక రోజు ఒకరి ఉత్తరాలే రాస్తే కొంత నయమవుతుంది.

ఇంకో సంగతి. కాగితాలు సమానంగా మిగలవు. అప్పులు, ఆస్తి తగాదాలు, పన్నుల లెక్కలు ఎవరికో అవసరం కాబట్టి భద్రంగా ఉంటాయి. ప్రేమలేఖల్ని వారసులే తగలబెడతారు. కాబట్టి దావాకు పది పేజీలు, ప్రేమకు పది లైన్లు దక్కనివ్వండి. మూడేళ్లు ఎక్కడున్నాడో తెలియదంటే తెలియదనే రాయండి.

తేదీలకు ఒక పట్టిక గీసుకోండి: సంవత్సరం, అతని వయసు, అతని జీవితంలో జరిగింది, లోకంలో జరిగింది. దొరికిపోయేది ఇక్కడే. తొలి ఫొటో పద్ధతుల్లో ఒకటైన డాగెరోటైపును లోకానికి ప్రకటించింది 1839లో. 1830లో మీవాడు ఫొటో దిగలేడు. బ్రిటన్‌లో తపాలా బిళ్ల 1840లో వచ్చింది. అక్కడే క్యాలెండర్ మార్చినందువల్ల 1752 సెప్టెంబరు 2 తర్వాతి రోజు 14వ తేదీ, కనుక ఆ సెప్టెంబరు 5న లండన్‌లో రాసిన ఉత్తరమంటూ ఉండదు. రష్యా 1918 దాకా ఆ పాత (జూలియన్) క్యాలెండర్‌నే వాడింది. 1815లో ఇండొనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలాక, మరుసటేడు పశ్చిమ ఐరోపాలో వేసవంతా చలి, ముసురు. ఆ జులైలో మీవాణ్ణి రోజూ ఎండలో షికారు తిప్పితే తెలిసినవాడు పుస్తకం మూసేస్తాడు. ఫలానా తేదీ ఏ వారమో కూడా చూసుకోండి.

నిజంగా బతికినవాళ్లతో కలపాలని మీకు చేతులు దురద పెడతాయి. కలపండి, కానీ వాళ్ల డైరీల్లో ఖాళీగా ఉన్న రోజుల్లోనే. మీవాడు చరిత్రలో ఏ ఫలితాన్నీ మార్చకూడదు. అంత గొప్పవాడైతే ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదన్న ప్రశ్నకు జవాబుండాలి. నన్నడిగితే రెండో వరస మనిషినే ఎంచుకోండి. మహాకవి అన్నారంటే మహాకవిత్వం రాసి చూపించాల్సింది మీరే! స్పానిష్ రచయిత మాక్స్ ఔబ్ 1958లో లేని చిత్రకారుడికి జీవితచరిత్ర రాసినప్పుడు బొమ్మలూ తానే వేసి, మెక్సికోలో ప్రదర్శనకు పెట్టాడు. అంత ఓపిక లేకపోతే రచనలు కాలిపోయాయనండి, కానీ ఆ మంట మరీ అనుకూలమైన సమయంలో రాకుండా చూసుకోండి.

ఇక అసలు మనిషి, ఈ జీవితచరిత్ర రాస్తున్నట్టు మీరు కల్పించే చరిత్రకారుడు. ఎప్పుడు రాస్తున్నాడు, ఎవరి డబ్బుతో, ఏ విషయం దగ్గర దాటేస్తున్నాడు? రెండు మూడు చోట్ల అతను తప్పు తీర్పు ఇవ్వాలి. ఆ తప్పు అతను ఉదహరించిన కాగితంలోనే పాఠకుడికి కనబడాలి. భార్య పేరిట ఏమీ రాయని వీలునామా చూపించి, "అన్యోన్య దాంపత్యం" అంటాడనుకోండి, నవల ఆ సందులో మొదలవుతుంది. మీ ప్రతిలో ఇతను ఇంకా పుట్టలేదు.

అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) పేజీకి ఒకటి మించితే కథ నడక చెడుతుంది. అట్ట మీద మాత్రం 'నవల' అని వేయించండి. వేషం లోపలి పేజీల్లో చాలు, కొన్నవాణ్ణి మోసం చెయ్యక్కర్లేదు.

ముందు ఆ వీలునామా పూర్తిగా రాసి పంపండి, సాక్షి సంతకాలతో సహా.