రింగులు కొన్న మేనల్లుడికి

అల్లుడూ,

మేడ మీద ఇనుప దూలానికి జిమ్నాస్టిక్స్ చెక్క రింగులు వేలాడదీశావని, పండక్కల్లా మజిల్-అప్ (రింగులకి వేలాడుతూ ఒళ్లంతా వాటి పైకి లాక్కుని నిలబడటం) చేసి చూపిస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రింగులు కొన్నందుకు చాలా సంతోషం. ఇంట్లో పెట్టుకోదగ్గ వ్యాయామ సామానులో ఇంతకంటే మంచిది నాకు తెలియదు. పండగ గడువు మాత్రం మనసులోంచి తీసెయ్.

జిమ్‌లో వెల్లకిలా పడుకుని 80 కిలోల బార్ పైకి నెట్టే బెంచ్ ప్రెస్ చేస్తావు కాబట్టి నీ కండల గురించి నాకు దిగుల్లేదు. దిగులంతా మోచేతుల గురించే. కండకి రక్తం బాగా అందుతుంది, నెలా రెండు నెలల్లో బలం వచ్చినట్టు తెలిసిపోతుంది. కండని ఎముకకి పట్టి ఉంచే టెండన్‌కి రక్తం తక్కువ, అది గట్టిపడటానికి చాలా నెలలు పడుతుంది. బార్ అటూ ఇటూ జారిపోదు కాబట్టి ఈ తేడా అక్కడ అంతగా తెలియదు. రింగులు ఎటైనా జారిపోతాయి. వాటిని ఒక చోట ఆపే పని భుజం చుట్టూ ఉన్న చిన్న కండల మీద, మోచేతి టెండన్ల మీద పడుతుంది. స్లాబ్ పైకి గట్టిపడినట్టు కనిపించినా మర్నాడే సెంట్రింగ్ ఊడదీయం కదా, మోచేతులతోనూ అంతే ఓపిక కావాలి.

ఇటలీ జిమ్నాస్ట్ యూరి కేకి పేరు వినే ఉంటావు. 1993 నుంచి 1997 వరకు వరసగా ఐదుసార్లు రింగుల్లో ప్రపంచ చాంపియన్, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో స్వర్ణం. అంతటివాడికే 2000లో, సిడ్నీ ఒలింపిక్స్‌కి కొద్దిగా ముందు, బైసెప్స్ టెండన్ తెగింది. మళ్లీ నిలదొక్కుకుని 2004 ఏథెన్స్‌లో 34 ఏళ్ల వయసులో కాంస్యం గెలిచాడు. చిన్నప్పటి నుంచి రింగుల మీదే పెరిగిన చేతులవి. నీ చేతులు రోజంతా కీబోర్డు మీద ఉండేవి.

ముందు దూలం సంగతి. పట్టీల మధ్య అరమీటరు ఎడం ఉంచు, పోటీల్లోనూ అంతే. బకిల్‌లోంచి పట్టీ తోక కనీసం జానెడు బయటికి ఉండాలి. ఎక్కేముందు ప్రతిసారీ కిందనుంచే నీ బరువంతా వేసి గట్టిగా లాగి చూడు. రింగుల ఎత్తు ఇప్పుడు నడుం దగ్గరుంటే చాలు. పోటీలో 2.8 మీటర్ల ఎత్తున ఉంటాయి, ఆ ఎత్తుతో నీకు పనిలేదు. కాళ్లు నేలకి అందుతుంటే ఎంత బరువు చేతుల మీద వెయ్యాలో నువ్వే నిర్ణయించుకోవచ్చు. మొదటి ఆరు నెలలకి అదే పెద్ద సౌకర్యం.

మొదట నేర్చుకోవాల్సింది సపోర్ట్ హోల్డ్, అంటే రింగుల మీద చేతులు నిటారుగా పెట్టి నిలబడటం. మోచేతులు పూర్తిగా లాక్ అవ్వాలి, భుజాలు చెవుల దగ్గరికి లేవకుండా కిందికి నొక్కి ఉంచాలి. మొదటి రోజు రింగులు గజగజ వణుకుతాయి. ఆ వణుకు తట్టుకోలేక తెలియకుండానే ముంజేతుల్ని పట్టీలకి ఆనిస్తావు. చాలామంది అక్కడే ఆగిపోయి హోల్డ్ వచ్చేసిందనుకుంటారు. చేతికీ పట్టీకీ మధ్య ఖాళీ కనపడాలి. కాళ్లు నేల మీద తేలిగ్గా ఆనించి పది సెకన్ల చొప్పున ఆరుసార్లు చెయ్, మధ్యలో నిమిషం నిమిషంన్నర విశ్రాంతి. వణుకు లేకుండా ముప్పై సెకన్లు మూడుసార్లు నిలబడగలిగిన రోజున బొటనవేళ్లు బయటికి తిరిగేలా రింగుల్ని తిప్పడం మొదలుపెట్టు. తిప్పిన వెంటనే మళ్లీ వణుకు వస్తుంది, మళ్లీ పది సెకన్ల నుంచే మొదలు.

దీంతోపాటు ఏటవాలుగా వాలి రింగుల్ని ఛాతీ దాకా లాక్కునే రో, రింగుల మీద పుషప్, ఊరికే వేలాడటం. ఈ నాలుగే, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. రింగుల మీద నిలబడి మోచేతులు వంచి కిందికి దిగి లేచే డిప్‌లు, వేలాడుతూ ఒళ్లు పైకి లాక్కునే పుల్-అప్‌లు తర్వాత.

ఇప్పుడు దమ్ము గురించి, ఇది జాగ్రత్తగా చదువు. ఒక్కసారి ఎంత చెయ్యగలవన్నది వేరు, వారమంతా కలిపి ఎంత పని తట్టుకోగలవన్నది వేరు. నువ్వు మొదటిదాని వెంట పడతావు, నేను రెండోదే చూస్తాను. వ్యాయామం మార్చకుండా ముందు ఒక సెట్, అంటే విశ్రాంతికి ముందు వరసగా చేసే ఒక విడత, పెంచు. అది తేలికైతే విశ్రాంతి కొంచెం తగ్గించు. అదీ తేలికైతే అప్పుడు కాళ్లు ముందుకు జరిపి వాలు పెంచు. వాలు పెంచిన రోజున సెట్లు సగానికి దించెయ్. ఒకేసారి రెండూ పెంచొద్దు. ప్రతి సెట్‌లోనూ ఇంకో రెండు చెయ్యగలననిపించినప్పుడే ఆపు. మూడు వారాలు పెంచుకుంటూ వెళ్లి నాలుగో వారం సగం పనే చెయ్. ఆ నాలుగో వారం ఒళ్లు తేలిగ్గా ఉండి ఇంకా చెయ్యాలనిపిస్తుంది, అయినా చెయ్యకు.

చేతులు చాపి ఉంచే వ్యాయామాల దగ్గర నేను చాలా కఠినంగా ఉంటాను. రింగులకి వేలాడుతూ కాళ్లని చేతుల మధ్య నుంచి వెనక్కి తిప్పే స్కిన్ ద క్యాట్ చేసేటప్పుడు మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని, వెనక్కి ఎంత నెమ్మదిగా వెళ్లావో అంత నెమ్మదిగా తిరిగి రావాలి. ఊపు వాడితే ఆ బరువంతా ఒక్కసారి మోచేతి లోపలి వైపు పడుతుంది. రెండు చేతులూ పక్కలకి చాపి శిలువలా నిలబడే ఐరన్ క్రాస్ ఊసు రెండు మూడేళ్ల దాకా ఎత్తకు.

మజిల్-అప్‌కి నా లెక్క ఇది: రింగుల మీద శుభ్రంగా ఎనిమిది పుల్-అప్‌లు, ఎనిమిది లోతైన డిప్‌లు, మణికట్టు మడిచి రింగు మీద ఆనించే ఫాల్స్ గ్రిప్‌తో ఇరవై సెకన్లు వేలాడటం. ఈ మూడూ ఒకే వారంలో నొప్పి లేకుండా వస్తే అప్పుడు చూద్దాం. ఫాల్స్ గ్రిప్ దగ్గర మణికట్టు చర్మం మొదట్లో కందిపోతుంది, అది మామూలే. అరచేతుల్లో కాయలు కాస్తే స్నానం తర్వాత రుద్ది సమానం చెయ్, వదిలేస్తే చీరుకుపోతాయి.

కండల నొప్పి రెండు రోజుల్లో పోతుంది, దానికి టెన్షన్ పడకు. పొద్దున లేచి నీళ్ల చెంబు ఎత్తినప్పుడు మోచేతి లోపల పోటు వస్తే మాత్రం అది కండ నొప్పి కాదు. ఆ వారం వేలాడటం, లాగడం ఆపెయ్, తగ్గాక సగం పనితో మొదలుపెట్టు. రెండు వారాలైనా పోకపోతే ఫిజియోథెరపిస్టుకి చూపించు, నాకూ ఫోన్ చెయ్.

ఆదివారం సపోర్ట్ హోల్డ్ వీడియో తీసి పంపు. పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, చొక్కా లేకుండా. నాకు భుజాలూ మోచేతులూ కనపడాలి.

మీ మామయ్య