పెద్ద ప్రధాన సంఖ్య మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. విషయం మంచిదే, కానీ మొదటి పేజీ అంతా సంఖ్య ఎంత పెద్దదో చెప్పడానికే సరిపోయింది. 2024లో దొరికిన ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయని రాశావు. నిజమే, కానీ అన్ని అంకెలు ఎవరి ఊహకూ అందవు. పాఠకుడు ‘అబ్బో’ అనుకుని పేజీ తిప్పేస్తాడు. అది ప్రధాన సంఖ్యేనని ఎలా తెలిసిందన్న అసలు ప్రశ్న అతనికి తట్టనే తట్టదు.

నేనైతే 2147483647 దగ్గర ఆగేవాణ్ణి. 31 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. పది అంకెలే కాబట్టి చేత్తో లెక్క చేసుకోవచ్చు. ఇది ప్రధాన సంఖ్య అని 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ చూపించాడు. మామూలు దారిలో వెళితే వర్గమూలం దాకా, అంటే 46,340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి దాదాపు 4,800. ఆయిలర్‌కి అంత చాకిరీ లేకుండా పోయింది. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య అంటూ ఉంటే, దాన్ని 62తో భాగిస్తే 1 మిగలాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఈ రెండు షరతులతో చూడాల్సినవి నాలుగు వందల లోపుకి దిగొచ్చాయి.

62 ఎక్కణ్ణుంచి ఊడిపడిందని పాఠకుడు అడుగుతాడు. అక్కడ సూత్రం పడేసి తప్పుకోకు, చిన్న సంఖ్య మీద చూపించు. 11 రెండ్లను గుణించి ఒకటి తీస్తే 2047, అది 23 × 89. ఇప్పుడు ఒకటి దగ్గర మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ, 23 దాటినప్పుడల్లా 23 తీసేస్తూ పో: 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. సరిగ్గా పదకొండో అడుగులో మళ్ళీ ఒకటి. 23కి సున్నా కాని శేషాలు 22 ఉంటాయి, అవి పదకొండేసి చొప్పున రెండు గుంపులవుతాయి. అందుకే 23లోంచి ఒకటి తీస్తే 11తో పోతుంది. 23 బేసి కాబట్టి ఒకటి తీస్తే 2తోనూ పోతుంది, అంటే 22తో కూడా పోతుంది. 89 సంగతీ అంతే. 31కి రెట్టింపు 62. ఎనిమిది షరతుకు ఒక్క వాక్యం చాలు, దాని నిరూపణ ఇక్కడ పట్టదు.

‘31 ప్రధాన సంఖ్య గనక ఇదీ ప్రధాన సంఖ్యే’ అని రాసిన వాక్యం కొట్టేయి. 11 కూడా ప్రధాన సంఖ్యే, 2047 ఏమైందో చూశావుగా. ఎన్ని రెండ్లను గుణించి ఒకటి తీస్తే ప్రధాన సంఖ్య వస్తుందో 1644లో మెర్సెన్ ఇచ్చిన జాబితాలో 67 కూడా ఉంది. అక్కడ వచ్చే సంఖ్య ప్రధానం కాదని 1876లో లూకాస్ తేల్చాడు, కారణాంకం ఒక్కటీ చెప్పకుండానే! అవేమిటో 1903లో కోల్ చూపించాడు: 193707721 × 761838257287. ఈ ముక్క నీ వ్యాసంలో లేదు, తప్పకుండా చేర్చు.

ఇక కంప్యూటర్ల పేరా. సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే కంప్యూటర్ గడియారాలు 2038 జనవరి 19న 2147483647 దగ్గరికొచ్చి, ఆపైన లెక్కపెట్టలేక పొంగిపోతాయన్నది సరదా విషయమే. కాకపోతే ఆ సంఖ్య ప్రధానం కాకపోయినా గడియారానికి ఒరిగేదేం లేదు. ఆ పేరా తీసేసి, ఆ చోటు 23 శేషాలకి ఇవ్వు.