ఆఫీసు మానేసి వార్డులో చేరాలా?

ప్రశ్న: నా వయసు 36. పన్నెండేళ్లుగా అకౌంట్స్ పని చేస్తున్నాను. మంచాన పడ్డ మా అత్తగారికి ఏడాది సేవ చేశాక, నర్సింగ్ అసిస్టెంటుగా చేరాలని గట్టిగా అనిపిస్తోంది. ఉద్యోగం మానేయమంటారా?

జవాబు: ఇప్పుడే రాజీనామా ఇవ్వకండి. అత్తగారికి చేసిన సేవ చిన్నదేమీ కాదు. కాని ఇంట్లో మీ చేతి కింద ఒక్కరే. వార్డులో ఒకరికి బెడ్‌పాన్ పెట్టి ఉండగానే ఇంకొకరు పిలుస్తారు, మూడో మంచం మీది వారు సాయం లేకుండా లేవబోతుంటారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. పడిపోయేలా ఉన్నవారి దగ్గరికే ముందు.

అసిస్టెంటు వేరు, నర్సు వేరు. ఇంజెక్షన్లూ మందులూ నర్సు చేతిలోవి. మీ వంతు స్నానం చేయించడం, తినిపించడం, మలమూత్రాలు తీయడం, పక్క మార్చడం, టెంపరేచర్, పల్స్, బీపీ చూసి రాయడం, తేడా కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పడం.

ఉదాహరణకు పక్క మార్చడమే తీసుకోండి. తనంతట తాను కదలలేని మనిషిని మామూలుగా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. మంచాన్ని మీ నడుము ఎత్తుకు లేపి, మోకాళ్లు కాస్త వంచి, ఒంటి కింద అడ్డంగా వేసిన చిన్న దుప్పటిని (డ్రా షీట్) ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఒక్కసారిగా జరపాలి. ఒక్కరే చంకల కింద చేతులు వేసి లాగితే రోగి చర్మం పరుపుకు రాసుకుని చిట్లుతుంది, మీ నడుమూ పట్టేస్తుంది. తిప్పాక మడమలు, తుంటి, వెన్ను చివర చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పడకపుండు మొదలైనట్టే. అక్కడ రుద్దకండి, నర్సుకు చెప్పండి.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఊపిరి లెక్కలో. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే పల్స్ చూశాక కూడా మణికట్టు వదలకుండా, ఛాతీ కదలికను నిమిషం పాటు లెక్కించాలి. పెద్దవారికి నిమిషానికి 12 నుంచి 20 మామూలు. పరిస్థితి విషమించే ముందు చాలాసార్లు మొదట పెరిగేది ఇదే. పని ఒత్తిడిలో పాత అంకెనే మళ్లీ రాసేస్తే ఆ హెచ్చరిక ఎవరికీ అందదు. అంకె విలువ తెలిసిన మీలాంటివారు వార్డుకు ఎంతో అవసరమని మా నమ్మకం.

ఉద్యోగంలో ఉండగానే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త జీతం ఎంతో కనుక్కుని, మూడు నెలలు అంతలోనే ఇల్లు నడపండి, మిగిలింది దాచండి. ఆ జీతంతో ఇల్లు గడుస్తుందో లేదో రాజీనామాకు ముందే తేలిపోతుంది. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోయి ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి. మామూలు పద్ధతిలో మూడు డోసులు: మొదటిది వేసిన నెలకు రెండోది, మొదటిది వేసిన ఆరు నెలలకు మూడోది. పాత నడుము నొప్పి ఉంటే డాక్టరుకు చూపించుకున్నాకే ముందుకు వెళ్లండి. సెలవు పెట్టి, వృద్ధుల సంరక్షణ కేంద్రంలో వారం రోజులు సాయానికి వెళ్లండి. అందులో రెండు రాత్రి డ్యూటీలైనా ఉండాలి, పగటి నిద్ర మీ ఒంటికి పడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. కోర్సుకు ఫీజు కట్టే ముందు మాత్రం వార్డులో ఎన్ని గంటల శిక్షణ ఇస్తారు, ఆ సర్టిఫికెట్‌ను మీరు చేరదలచిన ఆసుపత్రి ఒప్పుకుంటుందా, రేపు నర్సు చదువుకు అది పనికొస్తుందా అన్నవి అడిగి తీరాలి. మూడోదానికి చాలాచోట్ల జవాబు ‘కాదు’ అనే వస్తుంది. నర్సు కావడమే మీ అసలు కోరికైతే నేరుగా ఆ చదువుకే వెళ్లడం మేలు.

ప్రశ్న: నాకూ ఈ పని ఇష్టమే. కాని రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. పనికిరానా?

జవాబు: ఆ మాటతో ఆశ వదులుకోకండి. రక్తం చూడగానే బీపీ ఒక్కసారిగా పడిపోవడం వల్ల అలా అవుతుంది. బీపీ అలా పడిపోకుండా చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను 10 – 15 సెకన్లు బిగబట్టి, అర నిమిషం వదలండి. ఇలా ఐదుసార్లు చేయండి. ఇంట్లో రోజూ అలవాటు చేసుకుంటే అవసరమైనప్పుడు వెంటనే గుర్తొస్తుంది. ఖాళీ కడుపుతో డ్యూటీకి వెళ్లకండి, మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడకండి. చూపు మసకబారితే రోగిని పట్టుకుని ఉన్నా సరే, ముందు పక్కవారిని పిలిచి అప్పగించి కూర్చోండి. శిక్షణ మొదటి రోజే ఈ సంగతి ఇన్‌చార్జికి చెప్పి ఉంచండి.