క్రిలిన్ ఎందుకు లేవలేదంటే

జపాన్ యానిమే డ్రాగన్ బాల్ జెడ్‌లో నువ్వు ఎపిసోడ్ ఏదీ మిస్సవలేదు బ్రో, టెన్షన్ పడకు. విలన్ ఫ్రీజా, వాడి మనుషులు చంపినవాళ్లందరినీ బతికించమని, కోరికలు తీర్చే భూమి డ్రాగన్ షెన్రాన్‌ని అడిగితే నమెక్ గ్రహవాసులైన నమేకియన్లు లేచారు, ఫ్రీజా చేతిలోనే చచ్చిన హీరో గోకు ఫ్రెండ్ క్రిలిన్ మాత్రం లేవలేదేంటి అనే కదా నీ డౌట్. షెన్రాన్‌ని పిలిచే మాయా బంతులు, అంటే భూమి మీది డ్రాగన్ బాల్స్‌తో ఒక మనిషిని ఒక్కసారే బతికించడం కుదురుతుంది. క్రిలిన్ ఆ ఛాన్స్ ఎప్పుడో వాడేశాడు. గోకు చిన్నపిల్లాడిగా ఉన్నప్పటి కథలో టాంబొరిన్ అనే రాక్షసుడి చేతిలో చచ్చి, షెన్రాన్ దయతోనే లేచాడు. నువ్వు నేరుగా డ్రాగన్ బాల్ జెడ్‌తో మొదలుపెట్టి ఉంటావు, అందుకే ఈ గందరగోళం. గోకు అంత రగిలిపోయి సూపర్ సయాన్ అనే మహాశక్తి రూపంలోకి మారింది కూడా అందుకే, ఫ్రెండ్ ఇక తిరిగి రాడనుకున్నాడు మరి.

నమెక్ గ్రహం డ్రాగన్ బాల్స్ లెక్క వేరు. వాటి డ్రాగన్ పొరుంగా మూడు కోరికలు తీరుస్తాడు, అదే మనిషిని మళ్లీ మళ్లీ బతికించగలడు, కాకపోతే అప్పట్లో ఒక కోరికకు ఒక్కరినే. అడగడం కూడా నమేకియన్ భాషలోనే అడగాలి. పైగా మళ్లీ వాడాలంటే భూమి బాల్స్‌కి ఏడాది ఆగాలి, వీటికి 130 రోజులు చాలు. ఆ గడువయ్యాక క్రిలిన్ ఆత్మను ముందు భూమికి రప్పించి ఆ తర్వాతే బతికించమన్నారు, లేదంటే పేలిపోయిన నమెక్ ఉన్నచోటే, అంటే నడి అంతరిక్షంలో లేచి పాపం వెంటనే మళ్లీ పోయేవాడు!

వీలైతే జెడ్ ఆపి పాత డ్రాగన్ బాల్ సిరీస్ చూసిరా.