పంచనామా దగ్గర ఆగు

తమ్ముడూ,

రిటైరైన ఎక్సైజ్ సారు మీద నువ్వు రాసిన మొదటి అధ్యాయం చదివాను. 65వ నంబర్ హైవే మీద కారు ఛేజింగ్‌కు నాలుగు పేజీలిచ్చి, సాక్షుల ముందు సోదా చేసి దొరికింది రాసుకునే పంచనామాను ఒక్క ముక్కలో దాటేశావు. ఆయన ఉద్యోగమంతా ఆ ముక్కలోనే ఉంది.

1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు. శిక్ష అంత పెద్దది కాబట్టే అధికారి ప్రతి అడుగునూ కోర్టు పట్టి చూస్తుంది. ఒంటి మీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో చేయించుకునే హక్కుందని ఆ మనిషికి చెప్పి తీరాలి. చెప్పకపోతే కేసు నిలబడదు. చేతిలోని సంచికి ఆ నియమం లేదు. నువ్వు రెండింటినీ కలిపేశావు, సరిచెయ్యి. అర్ధరాత్రి నకిరేకల్ దగ్గర లారీ ఆపితే పంచులుగా, అంటే సోదాకు సాక్షులుగా, ఎవరొచ్చారు? ఏళ్ల తర్వాత కోర్టులో వాళ్లు అదే మాట మీద నిలబడ్డారా? కొట్టేసిన కేసుల గురించి కూడా అడుగు. పట్టుకున్నవాటి గురించి ఎలాగూ ఆయనే చెబుతారు.

ఇంకొకటి. పాలమూరులో పనిచేసిన మనిషి కథ గంజాయితో అయిపోదు. కల్తీ కల్లు ఏది? దానిలో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందు 100 గ్రాములు దాటితే చాలు, 20 కిలోలు దాటిన గంజాయితో సమానంగా వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది, అంటే అదే పదేళ్ల లెక్క. జేబులో పట్టే పొడి అది! పొద్దంతా కూలి చేసి సాయంత్రం సీసా తాగేవాళ్లకు అందులో ఏముందో తెలియదు. అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా అందకపోతే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, పొంతన లేని మాటలు మొదలవుతాయి. దుకాణం మూయించడం ఆయన డ్యూటీ. మూయించిన రెండు రోజులకు ఆస్పత్రి మంచాలు నిండితే ఆ సంగతి ఆయన ఇంట్లో ఎలా చెప్పుకున్నారు? నాకైతే ఈ పుస్తకం రాయాల్సింది దీనికోసమే అనిపిస్తుంది.

ఆయన ఒక్కరి దగ్గరే కూర్చోకు. ఆ ఆస్పత్రి నర్సులను, చెట్టెక్కి అసలు కల్లు గీసే గౌడన్నలను, భర్తను మంచానికి కట్టేసి రాత్రంతా కాపలా కాసిన ఆడవాళ్లను కలువు. పట్టుబడినవాళ్ల పిల్లలుంటే వాళ్ల పేర్లు, ఊళ్లు రాయకు.

కల్లు దుకాణం అధ్యాయం ముందు రాసి పంపు. ఛేజింగ్ సంగతి తర్వాత చూద్దాం.

మీ అన్న