నడుం నొప్పికి మూడున్నర లక్షలా? చిట్టీ పాడే ముందు ఇది చదవండి

ప్రశ్న: నా వయసు 44. ఇంట్లోనే జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. మూడేళ్లుగా నడుం నొప్పి. ఒక్కోసారి పిరుదు మీదుగా తొడ దాకా లాగుతుంది కానీ మోకాలు దాటదు. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 డిస్క్ (నడుం కిందిభాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) అరిగిందని, ఉబ్బిందని రాశారు. ఒకచోట మిషన్ మీద పడుకోబెట్టి నడుం సాగదీసే ప్యాకేజీ 60 వేలు అన్నారు. ఇంకోచోట వెన్నులో ఇంజెక్షన్, విడతకు 25 వేలట. మూడోచోట స్క్రూలు వేసి ఆపరేషన్ చేయాలి, మూడున్నర లక్షలవుతుంది, ఆలస్యం చేస్తే కాళ్లు పడిపోతాయన్నారు. మా వారు చిట్టీ పాడదాం, చాలకపోతే గాజులు తాకట్టు పెడదాం అంటున్నారు. అమ్మాయి డిగ్రీ ఫైనల్ ఇయర్. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది చేయించుకోమంటారు?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ వారికి చెప్పి ఆ చిట్టీ సంగతి ఆపించండి. మీరు రాసినదాన్నిబట్టి ఆ మూడింటిలో ఏదీ ఇప్పటికిప్పుడు తేల్చుకోవాల్సిన అవసరం లేదు.

మీ ఉత్తరంలో నన్ను బాగా బాధపెట్టింది ‘కాళ్లు పడిపోతాయి’ అన్న మాట. ఆ భయంతోనే జనం అప్పులు చేస్తారు. డిస్క్ ఉబ్బినవాళ్లలో అలా జరిగేది చాలా అరుదు, జరిగేటప్పుడు గుర్తులు కనిపిస్తాయి. పాదం పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియదు. మూత్రం బిగుసుకుపోతుంది, లేదా తెలియకుండానే పడిపోతుంది. మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారుతుంది. వీటిలో ఏది కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి, అక్కడ డబ్బు లెక్క చూడకూడదు. మన దగ్గర వెన్నుపూసకు టీబీ రావడం కూడా ఉంది కాబట్టి సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. మీరు ఇవేవీ రాయలేదు. అయినా ఒకసారి డాక్టరు చేత కాళ్ల బలం, స్పర్శ పరీక్ష చేయించుకోండి. రిపోర్టు చూసి మాట్లాడేవారి కంటే మిమ్మల్ని నడిపించి, మడమల మీద నిలబెట్టి చూసేవారి మాట నమ్మండి.

ఇక ఆ రిపోర్టు. నడుం నొప్పి అసలు లేనివాళ్లు మూడు వేల మందికి పైగా తీయించుకున్న స్కాన్లను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2015లో వచ్చింది. 40 ఏళ్లవారిలో సుమారు సగం మందికి డిస్క్ ఉబ్బే ఉంది, అరుగుదల అంతకంటే ఎక్కువ మందిలో ఉంది. పదేళ్లు ఉతికిన చీరకు రంగు వెలిసినట్టు ఇది వయసుతో వచ్చే మార్పు. నొప్పి నిజమే, మీరు ఊహించుకున్నది కాదు. కానీ ఆ నొప్పికి కారణం ఆ డిస్కేనని కాగితం మీది రెండు మాటలతో తేల్చేయలేం.

నడుం సాగదీసే మిషన్‌కు 60 వేలు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. దీర్ఘకాలిక నడుం నొప్పికి ఇలా లాగే చికిత్సలు, నడుం బెల్టులు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. ఇంజెక్షన్ నరం నొక్కుకుని కాలి కిందిదాకా నొప్పి లాగేవారికి కొన్ని వారాలు ఉపశమనం ఇవ్వవచ్చు. మీ నొప్పి మోకాలు దాటడం లేదు. ఏళ్లుగా ఉన్న నడుం నొప్పికి ఇలాంటి ఇంజెక్షన్లు వద్దని 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన నిపుణుల సిఫార్సు.

స్క్రూల ఆపరేషన్ కూడా అవసరమైనవారికి అవసరమే: వెన్నుపూస జారి కదులుతున్నప్పుడు, విరిగినప్పుడు, గడ్డ లేదా ఇన్‌ఫెక్షన్ వల్ల దెబ్బతిన్నప్పుడు. ఒట్టి అరుగుదల నొప్పికి మాత్రం ఆ ఆపరేషన్ కంటే క్రమపద్ధతిలో చేయించే వ్యాయామ శిక్షణ పెద్దగా తీసిపోదని బ్రిటన్‌లో జరిగి 2005లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. ఒకసారి స్క్రూలు పడ్డాక వెనక్కి తీసుకునేది ఏమీ ఉండదు. మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్తే ‘నా వెన్నుపూస జారిందా? నిలబడి వంగినప్పుడు తీసిన ఎక్స్‌రేలో కదలిక కనిపించిందా?’ అని అడగండి. దానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోండి. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగం ఉంది, ఎమ్మారై ఫిల్ములు పట్టుకుని ఓపీకి వెళ్లండి.

ఇప్పుడు డబ్బు పెట్టాల్సిన చోటు చెబుతాను. నా దగ్గరికి వచ్చే టైలర్లను కుట్టేటప్పుడు ఎలా కూర్చుంటారో కూర్చుని చూపించమంటాను. చాలామంది స్టూలు తక్కువ ఎత్తులో వేసుకుని, సూది సరిగా కనపడక మెడ, నడుం రెండూ ముందుకు వాల్చి కుడతారు. బట్ట కత్తిరించడం నేల మీదే, గంటల తరబడి. మీరూ అలాగే చేస్తుంటే కటింగ్‌కు నడుం ఎత్తు బల్ల ఒకటి చేయించండి, పాత తలుపు చెక్కైనా పర్వాలేదు. వీపు ఆనే కుర్చీ, సూది దగ్గర పడేలా చిన్న ఎల్ఈడీ లైటు పెట్టుకోండి. దగ్గరి చూపు తగ్గే వయసు కాబట్టి కళ్లద్దాల పరీక్ష కూడా చేయించండి. తొక్కుడు మిషనైతే మోటారు బిగించుకోండి. ఒక్కో జాకెట్ అయ్యాక లేచి ఇంట్లో నాలుగడుగులు వేయండి. పండగ సీజన్ అని ఏకబిగిన కూర్చోవడమే నొప్పిని పెంచుతుంది.

దీంతో పాటు మంచి ఫిజియోథెరపిస్టు దగ్గర కొన్ని విడతలు. కరెంటు పెట్టి, వేడి పెట్టి పంపేచోటికి కాదు. మీ చేత వ్యాయామం చేయించి, వారం వారం పెంచి, ఇంట్లో చేసుకునేలా నేర్పేచోటికి. మొదటి రోజుల్లో కాస్త నొప్పి పెరిగినా భయపడకండి, డిస్క్ చిరిగిపోదు. నడక మొదలుపెట్టి నెమ్మదిగా రోజుకు అరగంటకు తీసుకెళ్లండి. నడుం నొప్పి తగ్గినవారికి మళ్లీ రాకుండా క్రమంగా పెంచుకుంటూ పోయే నడక బాగా పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనం 2024లో లాన్సెట్‌లో వచ్చింది. ఇంట్లోవాళ్లు ‘కదలొద్దు, పడుకో’ అంటారు, ప్రేమతోనే అంటారు. వాళ్లకు ఈ పేజీ చూపించండి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు రోజూ మింగుతుంటే మాత్రం ఆపండి. కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ రెండూ వాటితో వస్తాయి. నొప్పి బాగా ఉన్న కొద్దిరోజులు డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే చాలు. నిద్ర లేకపోవడం, దిగులు నొప్పిని పెంచుతాయి. మూడు నెలలు నిద్ర లేకుండా గడిచాయంటే దానికీ వైద్యం ఉంది, సిగ్గుపడకుండా అడగండి.

మూడు నెలలు ఇలా చేశాక ఎంతసేపు కూర్చుని కుట్టగలుగుతున్నారో, ఎంతదూరం నడవగలుగుతున్నారో నాకు రాయండి. ఈలోగా నొప్పి మోకాలు దాటి పిక్కకు, పాదానికి దిగితే లెక్క మారుతుంది; అప్పుడు డిస్క్ ముక్క తీసే చిన్న ఆపరేషన్ గురించి మాట్లాడుకోవచ్చు. దానికైనా ముందు మీ కార్డు తీసుకుని ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్ దగ్గర మీ ఆపరేషన్ పథకంలో ఉందో లేదో అడిగి, ఆ తర్వాతే డబ్బు ఆలోచన చేయండి.