కవర్ ఫోటో సైజు సంగతి తర్వాత, ముందు దాని మీది అక్షరాలు తీసేయండి

"షాపు ఫేస్‌బుక్ పేజీకి కవర్ ఫోటో ఏ సైజులో చేయించాలి, ఎలా చేయించినా ఫోన్‌లో పక్కలు తెగిపోతున్నాయి, అక్షరాలు మసకగా వస్తున్నాయి" అని అడిగారు. సైజు చెప్తాను గానీ, మీ బాధకి అసలు కారణం సైజు కాదని నా గట్టి నమ్మకం. మీ కవర్ నిండా అక్షరాలే ఉండి ఉంటాయి. చూడకుండానే చెప్పగలను.

మా పెద్దమ్మ కొడుకు తణుకులో క్యాటరింగ్ చేస్తాడు. పేజీ పెట్టినప్పుడు మళ్ళీ డబ్బు దండగెందుకని, షాపుకి కట్టిన ఫ్లెక్సీ డిజైన్‌నే డీటీపీ కుర్రాడి చేత 851కి 315 పిక్సెళ్ళలో సర్దించి కవర్‌గా ఎక్కించాడు. ఎడమ చివర పెదనాన్నగారి ఫోటో, మధ్యలో అరిటాకు భోజనం, దాని మీద నుంచి కుడి అంచు దాకా పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలతో "కల్తీ నూనెలు వాడబడవు". షాపు కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా కనిపించింది, చుట్టాలందరూ లైకులు కొట్టారు. కానీ జనం చూసేది ఫోన్‌లో కదా. అక్కడ రెండు పక్కలా కోత పడి పెదనాన్నగారికి ఒక చెవీ అర మీసమూ మిగిలాయి, కుడివైపు మాత్రం "కల్తీ నూనెలు వాడ" దగ్గర ఆగిపోయింది. కింద ఎవడో "నిజం ఒప్పుకునే క్యాటరింగ్ వాళ్ళని ఇప్పుడే చూస్తున్నా" అని కామెంట్ పెట్టాడు, ఇంకొకడు "ఏ బ్రాండు కల్తీ అన్నా?" అని అడిగాడు.

అన్నయ్య నాకు ఫోన్ చేసి ఒకటే అరుపులు. "ఏరా, పేజీని ఎవడో హ్యాక్ చేశాడ్రా, ఆ పక్క వీధి వాళ్ళ పనే ఇది" అని. కాదు అన్నయ్యా, ఫోన్‌లో అలాగే తెగుతుంది అంటే వినడు. "నా కంప్యూటర్‌లో బానే ఉంది కదరా" అంటాడు. చివరికి వదినగారి ఫోన్‌లో చూపిస్తే గానీ నమ్మలేదు. నమ్మాక ఏం చేశాడు, అక్షరాలు చిన్నవి చేయించి ఇంకో రెండు లైన్లు ఇరికించాడు!

విషయం ఏంటంటే, ఫేస్‌బుక్ పేజీ కవర్ కంప్యూటర్‌లో 851x315 గా, ఫోన్‌లో 640x360 గా కనిపిస్తుంది. ఒకటి బాగా వెడల్పు, ఇంకోటి ఎత్తు ఎక్కువ. ఉన్నది ఒకే బొమ్మ. కంప్యూటర్ కొలతకి చేస్తే ఫోన్‌లో ఒక్కో పక్కా ఆరోవంతు పోతుంది, ఫోన్ కొలతకి చేస్తే కంప్యూటర్‌లో పైనా కిందా కలిపి మూడోవంతు పోతుంది. అందుకే నేను మధ్యేమార్గంగా 1640x720 లో చేస్తాను. అందులో నట్టనడుమ 1280x600 మేర ఎక్కడ చూసినా తెగదు, ముఖ్యమైనదంతా అక్కడే పెట్టాలి, చుట్టూ ఉన్నది గోడ రంగో ఆకుపచ్చ చేనో ఏదైతేనేం, పోయినా బాధ లేనిది ఉండాలి. ఎడమవైపు కింద మూల కూడా ఖాళీగా వదలండి, అక్కడ ప్రొఫైల్ ఫోటో వచ్చి కూర్చుంటుంది. మిగతావి కూడా కావాలంటే, ఎక్స్‌కి (పాత ట్విట్టర్) 1500x500, లింక్డ్‌ఇన్‌లో సొంత ప్రొఫైల్‌కి 1584x396. యూట్యూబ్ వాళ్ళది మరీ విడ్డూరం, కనీసం 2048x1152 అడుగుతారు, అందులో అన్ని పరికరాల్లోనూ కనిపించేది మాత్రం మధ్యలో 1235x338 ముక్కే.

ఇక మసక. ఆ ఫైలు మీకు వాట్సాప్‌లో వచ్చిందా? వచ్చే ఉంటుంది. మామూలు ఫోటోలా పంపితే వాట్సాప్ దాన్ని ఒకసారి పిండేస్తుంది, పైన ఫేస్‌బుక్ ఇంకోసారి పిండుతుంది. ఇంగ్లీషు అక్షరాలైతే ఎలాగో బతికి బయటపడతాయి, మన వత్తులూ గుడిదీర్ఘాలూ ముద్దయిపోతాయి, "లక్ష్మి" కింద మావత్తు మచ్చలా మిగులుతుంది. డాక్యుమెంట్‌గా పంపించమనండి, అక్షరాలో లోగోనో ఉంటే పీఎన్‌జీ రకం ఫైలు అడగండి. ప్రింటింగ్ కోసం సీఎంవైకేలో (అచ్చు రంగుల పద్ధతి) చేసినది అలాగే ఎక్కించొద్దు, రంగులు వెలిసిపోయినట్టు వస్తాయి, ఆర్‌జీబీకి (తెర రంగుల పద్ధతి) మార్చి ఇమ్మనాలి. మీరే ఫోటోషాప్‌లో చేసుకుంటుంటే, వత్తులు విడివిడిగా పడితే ఫాంటుని తిట్టకండి, పాత వెర్షన్ అయితే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టాలి. మండలి, రామభద్ర, సురవరం లాంటి మంచి తెలుగు ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగా ఉన్నాయి. అయినా డీటీపీ వాళ్ళు "అను" అనే పాతకాలపు ఫాంట్లు వదలరు. ఆ టెక్స్ట్ కాపీ చేసి ఇంకోచోట వేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అప్పుడు చిన్న మార్పుకి కూడా మళ్ళీ వాళ్ళ దగ్గరికే పరిగెత్తాలి. కావాలనే చేస్తారేమో అని నా అనుమానం.

మనకి ఫ్లెక్సీల జబ్బు బాగా ముదిరింది. ఊళ్ళో ఎవరి పుట్టినరోజైనా పై వరుసలో పాస్‌పోర్టు సైజు పెద్దలు, కింది వరుసలో శుభాకాంక్షలు తెలిపే కుర్రాళ్ళు, పుట్టినరోజు ఎవరిదో వెతుక్కోవాలి. అదే తీసుకొచ్చి అరచేతిలో పట్టే ఫోన్ మీద పెడతామంటే ఎలా? షాపు పేరు కవర్ కిందే ఉంటుంది, మళ్ళీ బొమ్మలో ఎందుకు? ఫోన్ నంబరు అసలే వద్దు. బొమ్మలో ఉన్న నంబరు నొక్కితే కాల్ వెళ్ళదు, పేజీకి కాల్ బటన్ ఉంది, అది పెట్టుకోండి. కవర్‌కి మీ షాపులో పగటి వెలుతురులో తీసిన ఒక్క మంచి ఫోటో చాలు. ఫోన్ అడ్డంగా పట్టుకుని, నాలుగడుగులు వెనక్కి జరిగి తీయండి, చుట్టూ కోతకి చోటుంటుంది.

ఎక్కించాక మీ ఫోన్‌లో ఒకసారి, ఇంకొకరి ఫోన్‌లో ఒకసారి చూడండి. అది కూడా వెంటనే చూడండి, ఎందుకంటే కవర్ మార్చిన ప్రతిసారీ అదొక పోస్టుగా నలుగురికీ కనిపించొచ్చు. ఇంకో మాట, మీరు అడగలేదు గానీ, సొంత ప్రొఫైల్‌లో ప్రస్తుతం ఉన్న కవర్ ఫోటో ఎప్పుడూ పబ్లిక్కే, ఖాతాకి లాక్ వేశాం కదా అని పిల్లల స్కూలు యూనిఫాం ఫోటో పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, బ్యాడ్జీ మీద స్కూలు పేరు బయటివాళ్ళ కంట పడొచ్చు.